మీటరు పెరిగిన నీటిమట్టం: నేలలో చేరిన నీరెంత?

హైదరాబాద్: నైరుతి రుతుపవనాలు తిరుగుముఖం పట్టిన తరువాత, అక్టోబరు, నవంబరు మాసాలలో భూగర్భ జలమట్టాల నివేదికలు వెలువడడం ఏటా జరిగే విషయమే. గడచిన ఏడాది ఇదే నెలతో పోల్చి జిల్లాలో సగటున ఇన్ని మీటర్ల మేర నీరు పైకి వచ్చిందని పత్రికలు ప్రచురిస్తాయి. సరిగ్గా అదే వారాలలో బోరుబావి కింది రైతు యాసంగికి నారు పోయాలా, ఆరుతడి పంటకు పోవాలా అన్నది తేల్చుకొంటాడు. నివేదికలోని అంకెకు, రైతు నిర్ణయానికి సంబంధం ఉన్నది. అయితే ఆ రెంటి నడుమ నేలలోకి నీరు ఇంకే తీరు, ఇంకిన నీటిని రాతిపొర నిలుపుకొనే తీరు ఉన్నాయి. ఆ లెక్క సాధారణంగా వార్తలో కనిపించదు. బావిలో నీరు ఒక మీటరు లేచినంత మాత్రాన నేలలో మీటరు నీరు చేరినట్లు కాదు. చేరినది అందులో మూడు శాతమో, అంతకన్నా తక్కువో.

తెలంగాణలో అధిక భాగం గ్రానైటు, నైస్ శిలల నేల. పశ్చిమాన వికారాబాద్, జహీరాబాద్ ప్రాంతాలలోను, ఉత్తరాన ఆదిలాబాద్‌లో కొంత మేరకును దక్కను నల్లరాయి పరచుకొని ఉన్నది. గోదావరి లోయ వెంట ఇసుకరాయి పొరలు కలవు. గ్రానైటు ప్రాంతాలలో పైన కొద్దిపాటి మట్టి, దాని కింద రాయి చివికి ఏర్పడిన మొరం, ఆ కింద పగుళ్ళు బారిన రాయి, అంతకు కింద పగులు లేని బండ ఉంటాయి. నీరు నిలిచేది మొరంలోని సందులలోను, రాతి పగుళ్ళలోను మాత్రమే. భూమి అడుగున నదులు, సరస్సులు ఉన్నాయన్న భావన జనంలో బలంగా ఉన్నప్పటికీ ఈ నేలల విషయంలో దానికి ఆధారం లేదు.

నీటితో పూర్తిగా తడిసిన మొరం నుంచి బావిలోకి ఊరి రాగల నీరు స్వల్పం. మిగిలినది మట్టి రేణువులకు అంటుకొని ఉండిపోతుంది. దేశంలో భూగర్భ జల వనరులను లెక్కించేందుకు అనుసరిస్తున్న భూగర్భజల అంచనా కమిటీ ప్రమాణాల ప్రకారం, బంకమట్టి తక్కువగా ఉన్న చివికిన గ్రానైటు తన ఘనపరిమాణంలో 3 శాతం నీటిని విడిచిపెడుతుంది. బంకమట్టి ఎక్కువైతే అది 1.5 శాతానికి పడిపోతుంది. నదీతీరపు ఇసుక మేటలకు ఇదే ప్రమాణం 16 శాతం. కనుక మంజీర ఒడ్డున ఇసుక మేటలో తవ్విన బావిలో మీటరు నీరు పెరగడం ఒక సంగతి, దేవరకొండ గుట్టల నడుమ బోరులో మీటరు పెరగడం మరొక సంగతి. ఈ రెంటిని కలిపి సగటు తీయడం అంకగణితానికి సరిపోవచ్చు గాని, సాగు నిర్ణయానికి ఉపయోగపడదు.

దీనిని ఎకరం లెక్కలోకి తెస్తే విషయం స్పష్టమవుతుంది. ఒక ఎకరం విస్తీర్ణంలో గ్రానైటు మొరంలో నీటిమట్టం ఒక మీటరు పెరిగితే, అక్కడ అదనంగా చేరిన నీరు సుమారు 60 నుంచి 120 ఘనపు మీటర్లు. యాసంగి వరికి పంటకాలమంతా కలిపి 1,200 మిల్లీమీటర్ల తడి ఇస్తారనుకొంటే, ఎకరానికి తోడవలసినది సుమారు 4,850 ఘనపు మీటర్లు. అనగా ఒక ఎకరం వరి 40 నుంచి 80 ఎకరాల కింద ఒక మీటరు నీటిని తోడివేస్తుంది. మడిలో పెట్టిన నీరంతా పోదు, కొంత తిరిగి నేలలోకి దిగుతుంది. నీటిమట్టం పది మీటర్ల లోపున ఉన్నచోట బోరు నీటితో పండే వరి మడి నుంచి 45 శాతం వరకు తిరిగి చేరుతుందని అవే ప్రమాణాలు చెబుతున్నాయి. దానిని మినహాయించినా ఎకరం వరికి 22 నుంచి 44 ఎకరాల మేర మీటరు నీరు ఖర్చవుతుంది. నీటిమట్టం 10, 25 మీటర్ల నడుమకు దిగితే తిరిగి చేరే వంతు 35 శాతం, 25 మీటర్లు దాటితే 20 శాతం. మట్టం ఎంత లోతుకు పోతే, మడి నుంచి ఇంకిన నీరు బావిని చేరడానికి దాటవలసిన ఎండు పొర అంత మందమవుతుంది. దారిలోని మట్టి ముందు తన దాహం తీర్చుకొంటుంది. ఎండిన బావి తిరిగి ఊరడానికి ఒక మంచి వాన చాలకపోవడానికి కారణం ఇక్కడే ఉన్నది.

ఇంకుడు విషయమై శాస్త్రీయమైన తొలి సూత్రం ఫ్రాన్సులోని డిజాన్ పట్టణపు నీటి సరఫరా పనులు చూసిన ఇంజనీరు హెన్రీ డార్సీ 1856లో ప్రకటించినది. ఇసుక నింపిన గొట్టాల గుండా నీటిని పంపి ఆయన తేల్చిన విషయం సులభమైనది. ఎగువ దిగువల నీటి ఎత్తులో తేడా ఎంత ఎక్కువైతే ప్రవాహం అంత ఎక్కువ. నీరు దాటవలసిన దూరం పెరిగేకొద్దీ ప్రవాహం తక్కువ. వీటితోపాటు ఆ పదార్థానికి సహజంగా ఉన్న పారగమ్యత ఒకటి లెక్కలోకి వస్తుంది. ఈ పారగమ్యతలోనే అసలు తేడా ఉన్నది. గులకరాళ్ళకు, బంకమట్టికి మధ్య అది లక్షల రెట్లు మారుతుంది. ఆ సూత్రం నేటికీ ఆనకట్టల కింద ఊటను, బావుల దిగుబడిని లెక్కించడానికి ఆధారంగా ఉన్నది.

నేల ఉపరితలం నీటిని తీసుకొనే వేగం కూడా నేలను బట్టి మారుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పేర్కొన్న సాధారణ విలువల ప్రకారం ఇసుక నేలలో గంటకు 30 మిల్లీమీటర్లకు పైగా, ఇసుక కలిసిన గరప నేలలో 20 నుంచి 30, బంకనేలలో 1 నుంచి 5 మిల్లీమీటర్ల నీరు ఇంకుతుంది. పాలమూరు దుబ్బ చలకలో గంటసేపు కురిసిన వాన చాలా వరకు లోపలికి పోతుంది. అదే వాన రేగడిపై పడితే, తొలుత నెర్రెల గుండా వేగంగా దిగి, నెర్రెలు పూడుకొన్న తరువాత వాగు దారి పడుతుంది. వంద మిల్లీమీటర్లు ఒక్క రాత్రి కురవడానికి, పది రోజులపాటు విడతలుగా కురవడానికి వర్షమాపకంలో తేడా లేదు. బావికి మాత్రం ఉన్నది. సగటుకు మించి వర్షపాతం నమోదైన మండలంలో సైతం బావులు ఆశించినంత నిండలేదన్న ఫిర్యాదు వచ్చినపుడు, ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందన్నదాని కన్న ముందు ఎన్ని రోజులలో కురిసిందన్నది చూడవలసి ఉంటుంది.

వానలో ఎంత వంతు చివరకు భూగర్భానికి చేరుతుందన్న ప్రశ్నకు అంచనా కమిటీ ప్రమాణాలు ఇచ్చిన సమాధానం చాలా మందిని ఆశ్చర్యపరచవచ్చు. బంకమట్టి తక్కువగా ఉన్న చివికిన గ్రానైటులో 11 శాతం, ఎక్కువగా ఉన్నచోట 8 శాతం, పగుళ్ళు అంతగా లేని బండరాతి ప్రాంతంలో 1 శాతం. ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడినచోట మొదటి తరగతి నేలకు 99 మిల్లీమీటర్లు, రెండవ తరగతికి 72 మిల్లీమీటర్లు దక్కుతాయి. మిగిలినది ఆవిరై, పైరు పీల్చుకొని, వాగుల వెంట పారిపోతుంది. ఆ 99 మిల్లీమీటర్లనే పైన చెప్పిన 3 శాతంతో భాగిస్తే నీటిమట్టం మూడు మీటర్ల పైచిలుకు పెరగాలి. ఏడాది మొత్తపు వాన, ఒక్క బొట్టు కూడా తోడకుండా ఉంటే, ఇచ్చేది ఇంతే. జూన్, నవంబరుల మధ్య ఐదారు మీటర్ల పెరుగుదలను నివేదిక చూపినపుడు దాని వెనుక వానతోపాటు చెరువు, కాలువ, మడి నుంచి వచ్చిన ఊట ఎంత, మోటార్లు ఆగడం వల్ల కోలుకొన్నది ఎంత అని విలేకరి అడగడంలో తప్పు లేదు.

ఈ చివరి అంశాన్ని కొంత వివరించవలసి ఉన్నది. బోరు నడుస్తున్నపుడు దాని చుట్టూ నీటిమట్టం గరాటు వలె కుంగుతుంది. వానాకాలంలో పైరుకు తడి అవసరం తగ్గి మోటార్లు ఆగితే, చుట్టుపక్కల నీరు ఆ గుంటలోకి చేరి మట్టం సర్దుకొంటుంది. కొత్త నీరు చేరకపోయినా పీజోమీటరులో అంకె పైకి వస్తుంది. అందువల్ల వానలు మొదలైన కొద్ది వారాలకే వచ్చే పెరుగుదలను చూసి ఇంకుడు పనుల ఫలితమనడం తొందరపాటు అవుతుంది. నిజంగా కిందికి దిగే నీరు నెమ్మదిగా, ఒక పొర తడి తన కింది పొర తడిని నెట్టుకొంటూ, వారాలు, నెలల తరబడి దిగుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ కదలికను ట్రిటియం సహాయంతో కొలిచారు. వానలకు ముందు మట్టిలో కొద్ది లోతున ట్రిటియం కలిసిన నీటిని ఉంచి, కాలం ముగిసిన తరువాత అది ఎంత లోతుకు దిగినదీ మట్టి నమూనాల ద్వారా చూడడం ఆ పద్ధతి. పగుళ్ళు పైవరకు ఉన్నచోట మాత్రం నీరు ఈ క్రమాన్ని పాటించదు, ఒకటి రెండు రోజులలోనే బావి చేరుతుంది. ఒకే ఊరిలో రెండు బోర్లు రెండు విధాలుగా ప్రవర్తించడం ఇందువల్లనే.

చెరువుల సంగతికి వస్తే, ఇక్కడ అధికారిక ప్రమాణాలలోనే ఒక విశేషం కనిపిస్తుంది. సాగునీటి చెరువు నుంచి ఇంకే నీటిని, అందులో నీరున్న కాలమంతా, సగటు నీటి విస్తీర్ణంపై రోజుకు 1.4 మిల్లీమీటర్లుగా లెక్కిస్తారు. సగటు విస్తీర్ణం తెలియనిచోట గరిష్ఠ విస్తీర్ణంలో 60 శాతాన్ని తీసుకొంటారు. అదే ఊట కుంటకు, చెక్ డ్యాంకు వచ్చేసరికి, నిండిన ప్రతిసారీ నిలిచిన నీటిలో 50 శాతం ఇంకుతుందని, అందులో సగం వానాకాలంలోను, సగం తరువాతను చేరుతుందని లెక్క. వంద ఎకరాల సగటు విస్తీర్ణంతో 120 రోజులు నీరున్న చెరువు నుంచి ఈ ప్రమాణం మేరకు భూమిలోకి దిగేది సుమారు 68,000 ఘనపు మీటర్లు. వినడానికి పెద్ద అంకె. అది 14 ఎకరాల యాసంగి వరికి తోడే నీటితో సమానం. అదే కాలంలో అదే చెరువు నుంచి రోజుకు 4 నుంచి 6 మిల్లీమీటర్ల వరకు ఆవిరైపోతుంది. అనగా భూమికి దక్కినదాని కన్న ఎండకు పోయినది మూడు, నాలుగు రెట్లు.

తేడాకు మూలం అడుగున ఉన్న మట్టి. పాత చెరువు అడుగున తరాలుగా చేరిన సన్నని ఒండ్రు పలుచని పొరగా పరచుకొని రంధ్రాలను మూసివేస్తుంది. చెరువులు కట్టినవారికి ఇది లోపం కాదు. వారు నీటిని తూము ద్వారా ఆయకట్టుకు ఇవ్వడానికి కట్టారు, నేలలోకి వదలడానికి కాదు. నీరు నిలిచే బంకనేలను చూసి ఎన్నుకొన్నారు. ఊట కుంటకు కావలసిన స్థలం దీనికి విరుద్ధమైనది. కింద మొరం మందంగా ఉండి, దిగువన బావులు ఉన్నచోట అది ఉండాలి. ఇంకుడు కోసమని రేగడి భూమిలో తవ్విన కుంటలో మార్చి వరకు నీరు కనిపిస్తుంటే, పని బాగా జరిగిందని కాదు, ఆ నీరు ఇంకడం లేదని అర్థం చేసుకోవాలి. తనిఖీకి వెళ్ళే అధికారులు కుంట ఎంత త్వరగా ఎండిందో కూడా నమోదు చేసుకోవడం మేలు. నిండిన ఫొటో ఒక్కటే జతపరచడం అలవాటైపోయింది.

2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను దశలవారీగా పునరుద్ధరించేందుకు సంకల్పించారు. పూడిక తీసి, ఆ మట్టిని రైతులు తమ పొలాలకు తోలుకొన్నారు. పూడికతీత వల్ల నిల్వ సామర్థ్యం పెరగడం ఖాయం. ఇంకుడు పెరగడం మాత్రం పూడిక కింద ఏమున్నదన్నదానిపై ఆధారపడుతుంది. మొరం తేలినచోట కొంతకాలం ఊట పెరుగుతుంది. బంకమట్టి మందంగా ఉన్నచోట ఎంత తవ్వినా పెద్ద మార్పు ఉండదు. తేలిన మొరం పైన కూడా తొలి రెండు, మూడు వరదలకే ఒండ్రు తిరిగి పేరుకొంటుంది. రీచార్జి షాఫ్టుల పరిస్థితి ఇంకా సున్నితమైనది. రాళ్ళు, కంకర, పైన ఇసుక పరచి కట్టే ఈ గుంతలో ఇసుక పైపొర బురదతో మూసుకొన్న మరుక్షణం నుంచి అది పనిచేయదు. ఏటా వానలకు ముందు ఆ పైపొరను గీకి కొత్త ఇసుక వేయడం అతి తక్కువ ఖర్చుతో కూడిన పని. కొత్త గుంతకు నిధులు దొరికినంత సులభంగా ఈ గీకుడుకు దొరకవన్నది క్షేత్రస్థాయి సిబ్బందికి తెలిసిన విషయమే.

కాలువల ప్రస్తావన లేకుండా ఈ లెక్క పూర్తి కాదు. కొంత బంకమట్టి కలిసిన మామూలు నేలలో లైనింగు లేని కాలువ తడిసిన ప్రతి పది లక్షల చదరపు మీటర్లకు సెకనుకు 1.8 నుంచి 2.5 ఘనపు మీటర్ల నీటిని కోల్పోతుందని ప్రమాణం. రోజువారీ మిల్లీమీటర్లలోకి మారిస్తే ఇది సుమారు 155 నుంచి 216. లైనింగు చేసిన కాలువకు, గట్టిరాతి ప్రాంతపు కాలువకు దీనిలో అయిదవ వంతు వర్తిస్తుంది, అనగా రోజుకు 31 నుంచి 43 మిల్లీమీటర్లు. చదరపు మీటరు లెక్కన చూస్తే అది కూడా చెరువుకు ఇచ్చిన 1.4 మిల్లీమీటర్ల కన్న ఇరవై రెట్లు పైమాటే. నీటిపారుదల ఇంజనీరు దీనిని నష్టం అంటాడు. కాలువ దిగువన బావి ఉన్న రైతుకు అదే ఆదాయం. లైనింగు ప్రతిపాదనలు వచ్చిన ప్రతిచోటా ఈ రెండు లెక్కలూ ఎదురుపడతాయి. చివరి ఆయకట్టుకు నీరు అందాలన్న వాదనలో న్యాయం ఉన్నది. లైనింగు వల్ల ఎన్ని బావులు ఊట కోల్పోతాయో ముందుగా లెక్కించి ప్రతిపాదనలో చేర్చడం కూడా అంతే న్యాయం.

నెమ్మదిగా దిగే నీరు దారిలో రాతిని కరిగించుకొంటుంది. నల్గొండ ప్రాంతపు గ్రానైటులలోని ఫ్లోరైడు బావినీటిలోకి వచ్చినది ఈ విధంగానే. నీరు రాతితో ఎంత కాలం కలిసి ఉంటే అంతగా అది నీటిలో చేరే అవకాశం ఉన్నది. తాగునీటి బోరు ఎగువన కొత్త నీరు ఇంకేలా చూస్తే గాఢత కొంత పలుచబడవచ్చు గాని, దానినే పరిష్కారంగా భావించరాదు. 2016లో మొదలైన మిషన్ భగీరథ ఉద్దేశాలలో నదీజలాలను శుద్ధిచేసి ఇంటింటికి చేర్చడం ప్రధానమైనది.

కేంద్ర భూగర్భజల మండలి, రాష్ట్ర భూగర్భజల శాఖలు కలిసి రూపొందించే వనరుల అంచనా 2022 నుంచి ఏటా జరుగుతున్నది. ఏడాదిలో తోడుకోదగిన నీటిలో 70 శాతం వరకు వాడితే సురక్షితం, 90 వరకు పాక్షిక సంక్లిష్టం, 100 వరకు సంక్లిష్టం, ఆపైన అతి వినియోగం అని వర్గీకరణ. తెలంగాణలో దీనికి ప్రమాణం మండలం. ఈ శాతంలోని రెండు అంకెలూ అంచనాలేనని గుర్తుంచుకోవాలి. వ్యవసాయ బోర్లకు మీటర్లు లేనందున తోడిన నీటిని బోర్ల సంఖ్యను బట్టి, పంటను బట్టి లెక్కకడతారు. కాలువ కింద ఉన్న మూడు గ్రామాలు, గుట్టపై ఉన్న ఏడు గ్రామాలు ఒకే మండలంలో ఉంటే ఆ మండలం సురక్షితంగా కనిపించవచ్చు. గుట్టపై ఎండిన బోర్లకు ఆ పేరు వల్ల ఒరిగేదేమీ లేదు.

చట్టం పరంగా చూస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో అమలులోకి వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం బావుల నమోదును తప్పనిసరి చేసింది. ప్రజా తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపున మోటారుతో నడిచే కొత్త బావిని నిషేధించింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు కూడా ఆ చట్టం వర్తించింది. తవ్వకాన్ని నియంత్రించే అధికారం చట్టంలో ఉన్నది. ఇప్పటికే ఉన్న బోరు ఏ పంటకు ఎంత తోడాలన్నది మాత్రం ఆచరణలో రైతు చేతిలోనే మిగిలిపోయింది.

ఆ చేతికి లెక్క అందించే ప్రయత్నం ఒకటి 2000వ దశకంలో జరిగింది. ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో రైతులే భూగర్భ జలాలను నిర్వహించుకొనే ప్రాజెక్టును మహబూబ్‌నగర్, నల్గొండ, అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం జిల్లాలలోని ఆరు వందలకు పైగా గ్రామాలలో అమలు జరిపారు. గ్రామంలోనే వర్షమాపకం పెట్టి, ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టాన్ని, దిగుబడిని రైతులు, రైతు మహిళలు స్వయంగా కొలిచారు. యాసంగికి ముందు అందరూ కూర్చొని ఎంత నీరు చేరింది, ఏ పంట ఎన్ని ఎకరాలు వేస్తే ఎంత ఖర్చవుతుంది అని పంట-నీటి బడ్జెటు వేసుకొన్నారు. వరి వేయవద్దని ఎవరినీ నిర్బంధించలేదు, జరిమానా లేదు, రాయితీ లేదు. వాన ఎంత పడిందో, బోరులో నీరు ఎంత లోతున ఉన్నదో రాసిన బోర్డు ఊరిలో అందరికీ కనిపించేచోట నిలబెట్టారు. ఆ అంకెలు చూసిన తరువాత విత్తనం ఏది కొనాలన్నది ఎవరికి వారే నిర్ణయించుకొన్నారు.